ఆ దడ నటన కాదు

ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరాడదు. ఒళ్ళంతా చెమటలు, చేతులు తిమ్మిర్లు, ఇక చచ్చిపోతానేమోనన్న భయం. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, ‘ఏమీ లేదు, టెన్షన్’ అని నాలుగు గోలీలు రాసిస్తారు. ఇంటికొస్తే ‘పని తప్పించుకోడానికి నాటకాలు’ అంటుంది అత్తగారు. ‘గాలి సోకింది, తాయెత్తు కట్టించండి’ అంటారు ఇరుగుపొరుగు. కౌన్సెలింగ్‌కి వచ్చే స్త్రీల నోట మనం తరచు వినే మాటలే ఇవి.

‘ఏమీ లేదు’ అనడం సరికాదు. ప్రమాదం ఎదురైతే పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, తిమ్మిర్లెక్కుతాయి. ఎదుట ప్రమాదమేదీ లేకుండానే ఇదంతా ఒక్కసారిగా మొదలైతే అదే పానిక్ అటాక్. సాధారణంగా 10 నిమిషాల్లో తీవ్రమై, క్రమంగా తగ్గుతుంది. దానివల్ల ప్రాణం పోదు. అయితే మొదటిసారి ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినపుడు గుండె, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాల్సిందే. ఆడమనిషి కాబట్టి ‘టెన్షనే’ అని తేల్చేయడం కూడా వివక్షే.

పదేపదే పానిక్ అటాక్‌లు వచ్చే జబ్బు పురుషుల్లో కంటే స్త్రీలలో సుమారు రెట్టింపు. అందరి విషయంలోనూ హింసే కారణమని చెప్పలేం. కానీ భర్త అడుగుల చప్పుడుకి ఏళ్ళ తరబడి ఉలిక్కిపడిన శరీరం, అతను ఇంట్లో లేనపుడూ ఉలిక్కిపడితే అందులో వింతేముంది?

చికిత్సకు వెళ్ళాలంటే మరో భయం. డాక్టరు చీటీ చూపించి ‘పిచ్చిది’ అంటూ విడాకులకు వేస్తారని, పిల్లల్ని లాక్కుంటారని. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. తీవ్రమైన మానసిక అనారోగ్యాన్ని హిందూ వివాహ చట్టం విడాకులకు ఒక కారణంగా ఒప్పుకుంటుంది. కానీ మానసిక అనారోగ్యం ఉందని నిర్ధారించినంత మాత్రాన, కోర్టు ప్రకటించనిదే, ఆ మనిషికి మతిస్థిమితం లేదని అర్థం కాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ స్పష్టం చేసింది. ప్రభుత్వ సేవల్లో చికిత్స పొందడం హక్కని 18వ సెక్షన్ చెబుతోంది. మాటలతో, మానసికంగా వేధించడం కూడా హింసేనని 2005 గృహహింస చట్టం గుర్తించింది. ఈ మూడు సంగతులూ ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి.

దడ వచ్చిన స్త్రీ పక్కన కూర్చుందాం. నిదానంగా ఊపిరి వదలమందాం, కాసేపట్లో తగ్గుతుందని ధైర్యం చెబుదాం. మందులతోనూ, మాటల చికిత్సతోనూ ఇది నయమవుతుందని చెప్పి, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాసిద్దాం. ఆ తర్వాత ఆమెతో ఒంటరిగా, ‘ఇంట్లో ఎలా ఉంటోంది?’ అని అడుగుదాం. ఆ ప్రశ్న అడగకుండా గోలీలతో అదే ఇంటికి తిప్పి పంపితే, మన పని సగంలో వదిలేసినట్టే.