సాలీడుపై మోపిన నింద

ఫాల్గుణం వెళ్ళి చైత్రం రానున్న రోజులలో మన ఇళ్ళలో రెండు పనులు తప్పక జరుగుతాయి. ఒకటి, ఉగాది పచ్చడికి వేపపూత ఏరి ఉంచుకోవడం. రెండవది, బూజుకర్ర చేతబట్టి మూలమూలలా బూజు దులపడం. చలికాలమంతా గోడల పగుళ్ళలో అణగి ఉన్న పురుగూ పుట్రా ఎండ ముదిరేకొద్దీ వెలుపలికి వచ్చేది కూడా ఈ రోజులలోనే. చీమలు బారులు తీరుతాయి. దోమలు ముసురుతాయి. బొద్దింకలు తూముల నుండి వంటింటికి చేరుతాయి. వాటిని తినడానికి సాలీళ్ళు, బల్లులు వస్తాయి. గృహస్థులు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, మందు కొట్టించి, ఇల్లు శుభ్రపడినదని తృప్తి పడతారు. నేనూ ఆ పని చేసినవాడినే. అది ఎంత పొరపాటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేముండేది సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగర్. 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు పునాది వేసిన శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరిట వెలసిన కాలనీ ఇది. అపార్టుమెంట్లు ఎన్ని లేచినా చెట్లూ చేమలూ మిగిలే ఉన్నాయి, కాప్రా చెరువూ దగ్గరలోనే ఉన్నది. కనుక వసంతంలో పురుగులకు కొదవ లేదు.

కొన్నేళ్ళ క్రితం ఉగాదికి పది రోజుల ముందు మా అక్కయ్య ఎడమ డొక్కలో మంటగా ఉన్నదన్నది. రెండు రోజులకు ఆ చోట ఎర్రని దద్దు, దానిపై గుత్తులుగా నీటి పొక్కులు లేచాయి. ముందు రోజే ఆమె స్టోరు గదిలో బూజు దులిపినది. ఇంకేమున్నది, "సాలీడు పాకింది" అని ఇంటిల్లిపాదీ తీర్మానించాము. పసుపు, వేపాకు నూరి పట్టు వేశాము. నేను అంతటితో ఆగక, మందు కొట్టేవారిని పిలిపించి ఇల్లంతా కొట్టించాను. ఆ వాసనకు మనుమడికి రెండు రాత్రులు ఆయాసం విడువలేదు. ఆరవ రోజున అక్కయ్యను వైద్యుని వద్దకు తీసుకువెళితే, ఆయన చూస్తూనే "ఇది అక్కి. ఇన్నాళ్ళు ఏం చేశారు?" అని అడిగారు. పొక్కులు మూడు వారాలలో మానాయి. నొప్పి మాత్రం ఏడు నెలలు వేధించినది.

అక్కికి సాలీడుతో ఏ సంబంధమూ లేదు. చిన్ననాడు ఆటలమ్మ పోసి తగ్గిన తరువాత ఆ వైరస్ నరాల మూలాలలో దాగి ఉండిపోతుంది. వయసు పైబడినప్పుడో, శరీరంలో నిరోధక శక్తి సన్నగిల్లినప్పుడో ఒక నరం వెంట బయటపడుతుంది. అందుకే పొక్కులు శరీరానికి ఒకే ప్రక్కన పట్టీ వలె లేస్తాయి, తరచుగా వాటికి ముందే నొప్పి వస్తుంది. దద్దు కనిపించిన 72 గంటలలోగా వైరస్‌ను అణచే మందు మొదలుపెడితే ఎక్కువ మేలు. కంటి చుట్టూ వచ్చిన అక్కి చూపునకే ముప్పు తేగలదు. మేము ఆ విలువైన గంటలను సాలీడును తిట్టడంలో గడిపాము.

ఈ నమ్మకం ఊరకనే పుట్టలేదు. సుశ్రుత సంహిత కల్పస్థానంలో 'లూత' అనే పేరుతో పదహారు రకాల సాలీళ్ళ వర్ణన ఉన్నది. వాటి లాలాజలంలో, గోళ్ళలో, మూత్రంలో, కోరలలో విషముంటుందని చెప్పబడినది. అయితే అదే సుశ్రుతుడు బాహువు, ప్రక్క, భుజం, చంక భాగాలలో నొప్పితో లేచే పొక్కులను 'కక్ష' అనే వేరొక వ్యాధిగా, పిత్త ప్రకోపం వలన కలిగేదిగా చెప్పాడు. అక్కడ సాలీడు ప్రసక్తి లేదు. ముందు రోగమేమిటో పరీక్షించి, ఆ తరువాతనే ఔషధాన్ని ఆలోచించమని చరకుని ఉపదేశం. శాస్త్రం చెప్పిన ఆ మొదటి మెట్టును వదలి, నేరుగా పసుపు గిన్నె అందుకోవడం ఆయుర్వేదం కాదు.

సాలీడుపై పడే నిందలో మరొక పురుగుకూ వాటా ఉన్నది. నలుపు, నారింజ రంగులు కలిసి చీమను పోలి ఉండే ఒక చిన్న పురుగు, ముఖ్యంగా వానల తరువాత, రాత్రివేళ దీపాల వద్దకు చేరుతుంది. ఒంటిపై వాలినప్పుడు నలిపితే దాని రసం తగిలిన మేర మరునాటికి కాలినట్లు చార తేలుతుంది. దానిని నలపక ఊది తొలగించి, సబ్బుతో కడుగుకోవాలి.

ఇక మన ఇంటి సాలీళ్ళ సంగతి. మూలన వ్రేలాడే పొడుగు కాళ్ళది దోమలను పట్టుతుంది. గోడపై గెంతేది ఈగలను వేటాడుతుంది. స్నానాల గదిలో కనిపించి భయపెట్టే పెద్ద గోధుమ రంగుది బొద్దింకలను తింటుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ పొట్టలో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. మనకు అసలు శత్రువు దోమ అని తెలిసి కూడా, దానిని తినే ప్రాణిని చీపురుతో కొట్టడం ఏమి వివేకం? సాలీడు శివసాయుజ్యం పొందినదని చెప్పుకొనే శ్రీకాళహస్తి మన తెలుగునాటనే ఉన్నది.

అలాగని ఇల్లు బూజు పట్టనివ్వమని నా ఉద్దేశం కాదు. వంటింట, పడక గదిలో బూజు దులపండి. సాలీడు కనబడితే గ్లాసు బోర్లించి, క్రింద అట్టముక్క జరిపి పెరటిలో వదలండి. చీమల బారును సబ్బునీటితో తుడిస్తే అవి అనుసరించే వాసన పోతుంది. రాత్రి పడుకొనే ముందు సింకు పొడిగా తుడిచి, తూముకు జల్లెడ మూత పెడితే బొద్దింకలకు నీరూ దారీ దొరకవు. కుండీల క్రింది పళ్ళాలు, కూలర్ల తొట్లు వారానికొకసారి ఖాళీ చేసి, ఆరబెడితే దోమలు పెరగవు. పడకకు దోమతెరను మించినది లేదు. వేపాకు పొగ గానీ, సాంబ్రాణి గానీ, దోమల చుట్ట గానీ, పొగ పొగే. ఆయాసం ఉన్నవారి గదిలో ఏదీ వద్దు. కర్పూరం బిళ్ళలు, బోరిక్ పొడి పసిపిల్లలకు అందితే విషమే. ఇంట్లో ఉండే వస్తువు కదా అని ఏమరుపాటు తగదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ ఉగాదికి బూజు దులిపేటప్పుడు ఒంటిమీద పొక్కులు లేస్తే సాలీడును వెదకవద్దు, మరునాటి వరకు ఆగవద్దు. ముందు వైద్యునికి చూపించండి. పసుపు పట్టు గురించి ఆ తరువాత ఆయననే అడగవచ్చును. మా అక్కయ్య విషయంలో నేను చేయనిది అదే.