బడిపిల్లవాని సీసాలో నేమి పోయవలెను?

మన సంఘసభ్యులలో పెక్కురు తెల్లవారక పూర్వమే గేదెను పితికి, పాలు తీసికొని పాలకేంద్రమునకు పోవుదురు. మరికొంత సేపటికి ఆ యింటి బిడ్డయే పుస్తకముల సంచి వీపున దగిలించుకొని, అన్నపు క్యారియరు నొకచేతను, త్రాగుటకొక సీసా నొకచేతను బట్టుకొని, గన్నవరము రోడ్డు ప్రక్కన బడి బస్సునకై నిలుచుండును. ఈ రెండు ప్రయాణములకును సంబంధ మున్నదని తలచువారు తక్కువ. ఉన్నదని మా యభిప్రాయము. ఇంటి పాలు సమస్తమును కేంద్రమునకు బోవుటచేత తోడుపెట్టుటకు మిగులుట లేదు. పెరుగు లేని యింట మజ్జిగ యెక్కడిది? కావున పిల్లవాని సంచిలోనికి మూల కొట్టున వ్రేలాడు రంగునీళ్ల పొట్లము ప్రవేశించుచున్నది. పాలనమ్మి యీ పొట్లమును గొనుట యే లెక్క ప్రకారము లాభమో సభ్యులే యోచింపవలయును.

సర్కారు బడులలో చదువు పిల్లలకు మధ్యాహ్నభోజనము బడియందే పెట్టబడుచున్నది. మన రాష్ట్రమున 2003లో నారంభమైన యీ యేర్పాటులో, 2023 మార్చి 21వ తేదీనుండి వారమునకు మూడు దినములు రాగిజావ యిచ్చుట కూడ జేర్పబడెను. ఇది మెచ్చదగిన పని. వరియన్నముతో బోల్చినచో రాగులలో సున్నపు సత్తువ ముప్పదిరెట్లకు మించి యుండును. 2024లో ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది. ఆ మహాయిల్లాలు 1841 మొదలు 1909 వరకు జీవించి, వచ్చినవారికి లేదనక అన్నము పెట్టినది కోనసీమలోని లంకల గన్నవరమున. మన గన్నవరము వేరు. పేరు గలిసినందుకైనను మనము కొంత సంతోషింపవచ్చును.

మేమిప్పుడు ముఖ్యముగా జెప్పదలచినది, ఇంటినుండి క్యారియరు గొనిపోవు పిల్లలనుగూర్చి. వీరిలో ననేకులు బస్సెక్కి బెజవాడ దాక పోవుచున్నారు. ఏడున్నర గంటలకు మూత బిగించిన సీసా పన్నెండున్నరకు గాని విప్పబడదు. ఆ యైదు గంటలు సీసా సంచిలో నుడుకుచుండును. కావున ఏది బలము, ఏది రుచి యని మాత్రమే విచారించిన జాలదు. ఏది యంతసేపు చెడక నిలుచునో దానిని ముందుగా జూడవలెను.

ఈ పరీక్షలో మొదట తప్పునవి పాలే. పాలు గొప్ప యాహారమే యైనను, కాచి చల్లార్చి సీసాలో బోసిన పాలు మన యెండలో మధ్యాహ్నము వరకు నిలుచునని నమ్మరాదు. వెచ్చని చోట రెండు గంటలకు మించి, మండు వేసవిలో గంటకు మించి, పాలుంచరాదని ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. విరిగిన పాలు కంటికి దెలియును. విరుగకయే చెడిన పాలు తెలియవు. పిల్లవానికి పాలు పట్టదలచినచో ఉదయము బయలుదేరుటకు ముందో, సాయంకాలము వచ్చిన తరువాతనో యింటనే పట్టుట మేలు.

మజ్జిగ సంగతి వేరు. అందలి పులుపే దానికి గావలి. రోగక్రిములలో పెక్కు ఆ పులుపులో సులభముగా బెరుగజాలవు. మన పెద్దలు ఈ శాస్త్రమును పుస్తకములలో జదువలేదు గాని, పొలమునకు చద్దియు మజ్జిగయు గొనిపోయిరి గాని పాలు గొనిపోలేదు. తరవాణి కుండ మూల నుండెడి యిండ్లలో పిల్లలకును అదియే వేసవి పానీయము. ఆ కుండ మరల రావలెనని మేము కోరుట లేదు. దానిని శుచిగా నడపుటకు దినమంతయు నింట నొక మనిషి యుండవలెను. మజ్జిగకు మాత్ర మంత శ్రమ లేదు.

ఐనను మజ్జిగను సీసాకు దగినట్లు చేయుటలో కొంత నేర్పు గలదు. ఇంట ద్రాగు మజ్జిగను అట్లే పోసి పంపి, పిల్లవాడు త్రాగక తెచ్చెనని కోపించుట న్యాయము కాదు. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత తోడు వేసినచో తెల్లవారుసరికి పెరుగు కమ్మగా నుండును. సాయంకాలమే తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నమునకు నోట బెట్టరాని పులుపగును. చిలికి వెన్న బొత్తిగా దీసివేయవలెను. లేనిచో బస్సు కుదుపునకు సీసాలోనే వెన్న చిలుకబడి, త్రాగునపుడు పెదవులకు దగులును; పిల్లలు మజ్జిగను రోయుటకు గల కారణములలో నిది మొదటిది. పెరుగొక వంతునకు కాచి చల్లార్చిన నీరు రెండు వంతులు చాలును. చిటికెడుప్పు, దంచిన యల్లము రసము, చేతితో నలిపిన దబ్బాకు వేసి, పలుచని గుడ్డలో వడగట్టవలెను. పచ్చిమిరపకాయ పెద్దలకు, ఎనిమిదేండ్లవానికి వలదు. సీసాను అంచుదాక నింపరాదు. మజ్జిగ పులియుకొలది కొంత వాయువు పుట్టును, దానికి రెండు వ్రేళ్ల చోటు విడువవలెను. తడిగుడ్డ చుట్టి పంపిన సీసా చల్లగా నుండునని మన కూలీల కందఱకు దెలిసినదే.

సీసా వెడల్పు మూతిగల స్టీలుదిగా నుండవలెను. చేయి దూరని మూతిగల సీసా యెంత సొగసైనదైనను దాని యడుగు కడుగుట యసాధ్యము. మూతలోని రబ్బరు చుట్టును వారమున కొకసారియైన నూడదీసి చూచిన తల్లికి, అందేమి పేరుకొనునో తెలియును. ఇటీవల రాగి సీసాలు వాడుట ఆచారమైనది. నీటికి సరే, మజ్జిగగాని నిమ్మరసముగాని రాగిలోను, కళాయి లేని యిత్తడిలోను పోయరాదు. పులుపు లోహమును గరిగించి పిల్లవానికి వాంతులు పుట్టించును. చల్లని పానీయముల ప్లాస్టికు సీసాలు ఒకసారి వాడి పారవేయుటకు జేసినవి. వానినే యేడాది పొడవున నింపి పంపుట పొదుపు కాదు.

ఇక కొట్టు పొట్లముల మాట. వానిమీద మామిడిపండు బొమ్మ యెంత పెద్దదో లోపలి మామిడి యంత చిన్నది. పండ్లపానీయమని యమ్ముటకు అందు పండ్లరసము నూటికి 10 వంతులున్న జాలునని నిబంధన. అనగా 200 మిల్లీలీటరుల పొట్లములో 20 మిల్లీలీటరుల రస మున్నను అది చట్టప్రకారము పండ్లపానీయమే. తక్కినది నీరును, పంచదారయు. వెనుక వ్రాసిన చిన్న యక్షరములను జదువుడు. నూరు మిల్లీలీటరులకు పంచదార 12 గ్రాములని యున్నచో పొట్లములో 24 గ్రాములు, అనగా ఆరు చిన్న చెంచాలు. దినమునకు 1500 క్యాలరీలు తిను పిల్లవానికి, ఇట్లు కలిపిన పంచదార మొత్తముమీద 37 గ్రాములు మించరాదనియు, అందు సగమునకు దగ్గిన మరింత మేలనియు ప్రపంచారోగ్యసంస్థ 2015లో జెప్పిన లెక్కవలన దేలుచున్నది. ఒక్క పొట్లముతోనే మూడింట రెండు వంతులు ముగిసినది.

రైతునకు దీనిలో మరియొక బాధ యున్నది. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి ధర పడిపోగా, గుజ్జు కార్ఖానాలు కిలోకు 8 రూపాయలును, ప్రభుత్వము 4 రూపాయలును ఇయ్యవలెనని యేర్పాటు చేయవలసి వచ్చెను. కిలో కాయ పండ్రెండు రూపాయలు! పది రూపాయల పొట్లమును బడి దినముల లెక్కన ఏడాదికి 220 కొన్నచో 2200 రూపాయలు. తోటి రైతు కాయను అడుగు ధరకు విడిచి, మనము అందలి చెంచాడు గుజ్జును ఈ వెలకు మరల గొనుచున్నాము. నూజివీడు రసాలు చేతికందు దూరమున నున్నవి. కాలములో పిల్లవానికి పండునే యిచ్చిన నేమి లోపము?

కొట్టువానికంటె తెలివిగల బేరము మరియొకటి కలదు. బలము నిచ్చునని చెప్పి యమ్ము డబ్బాల పొడులకు ‘ఆరోగ్య పానీయము’లను పేరు చట్టములో నెచ్చటను లేదు. కనుకనే 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్యశాఖ, ఆ పేరుగల శీర్షికనుండి వానిని దొలగింపుమని అంతర్జాల వర్తకులకు దెలిపెను. అంతకంటె పెద్ద సంగతి మన తెలుగుదేశమునుండియే పుట్టినది. విరేచనములకు వాడు ఓ.ఆర్.ఎస్. మందు పేరును తీపి పానీయముల పొట్లములపై ముద్రించి యమ్ముచుండగా, హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడి, 2022లో తెలంగాణ హైకోర్టు నాశ్రయించిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడరాదని యుత్తరువు చేసెను. నిజమైన మందులో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. పొట్లములలోని తీపి దానికి ఎన్నో రెట్లు. విరేచనములతో నున్న బిడ్డకు అంత తీపి పట్టుట రోగమును బెంచుటయే. ఎండదెబ్బకు మంచిదని దానినే సీసాలో బోసి పంపిన తల్లుల తప్పేమియు లేదు. వారు పేరు చూచి నమ్మిరి. ఇంట పొట్లము లేనప్పుడు లీటరు కాచిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా యుప్పును, కొలత తప్పకుండ తలకొట్టి కలిపిన జాలును. అదియైనను విరేచనములకే గాని దినదినమును బడికి పంపుటకు గాదు.

మజ్జిగ దొరకని దినమున నిమ్మకాయ నీరు మంచిది. దీనియందు మాకు ప్రత్యేకాభిమానము గలదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన రాష్ట్రమున ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తము తక్కువయని తేలినది. ఆ పిల్లలే నేడు బడికి బోవుచున్నారు. తోటకూరలోను, పప్పులోను ఉన్న యినుమును దేహము గ్రహించుటకు నిమ్మపులుపు తోడుపడును. అన్నముతోబాటు త్రాగు టీ దానికి అడ్డుపడును. ఫ్లాస్కులో టీ పోసి పంపు నిండ్లున్నవని విన్నాము. అది మానవలసినదే. నిమ్మనీటిలో బెల్లము వేసినచో దోషము లేదని కొందఱనుకొందురు. బెల్లమును పంచదార జాతిదే. శ్రీరామనవమి పానకము పండుగనాటికి సరి.

కొబ్బరినీరు కాయలోనే నిలుచును. కొట్టి సీసాలో బోసినచో మధ్యాహ్నమునకు పాడగును.

అన్నిటికంటె ముందు చెప్పవలసినదానిని వెనుక జెప్పుచున్నాము. సీసాలో నేది పోసినను అందు ముప్పాతిక నీరే. కాలువ నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చిన పెద్దలు తెలివిగలవారే. కాని తేరిన నీరెల్ల శుద్ధి కాదు. బురద దిగును, క్రిమి దిగదు. నీరు తెర్లునట్లు కాచి, అదే పాత్రలో చల్లార్చి, మూతవేయుడు. ఎండ ముదిరినపుడు మజ్జిగ సీసాతో బాటు నీటి సీసా వేరుగా నుండవలెను.

పాల సొమ్ముతోనే పిల్లవాని ఫీజు కట్టవలసి యున్నప్పుడు పాలెట్లు మిగుల్తుమని కౌలురైతు లడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మేము కోరునది పిల్లవాని కొకనికి నూరు మిల్లీలీటరుల పాలు మాత్రమే. లీటరు పాల పెరుగుతో పదిమంది పిల్లల సీసాలు నిండును. నూరు మిల్లీలీటరులకు కేంద్రమున వచ్చు డబ్బును పొట్లము వెలతో బోల్చి చూచిన, మిగులెటో తెలియగలదు. గేదె వట్టిపోయిన నెలలలో పొరుగింట పెరుగు కొనుటయు పొట్లముకంటె చౌకయే.

తోటి పిల్లలు రంగు పొట్లములు త్రాగుచుండ మన పిల్లవాడు మజ్జిగ సీసా విప్పుటకు సిగ్గుపడుననుట మరియొక చిక్కు. పేదరికమున కది గుర్తని పసివాని మనస్సున బడినచో మన యుపన్యాసములు పనికిరావు. ఒక్క యింటివారు చేసిన సిగ్గు. వీథి పిల్లలందఱు మజ్జిగయే తెచ్చిన సిగ్గెవరికి? అందుచేతనే దీనిని ఇంటి విషయముగా గాక సంఘ విషయముగా జేసి వ్రాయుచున్నాము. కర్ణాటకమున 2013లో పాల సహకార సమాఖ్య ద్వారా బడిపిల్లలకు పాలిచ్చుట ‘క్షీరభాగ్య’మను పేర నారంభమయ్యెను. అంత పెద్దపని మన చిన్న సంఘమునకు శక్యము గాదు. పాలు పోయు సభ్యులు బడియీడు పిల్ల లున్నచో వారి వంతు పాలు తీసియుంచి తక్కినవి పోయుదుమని తమలో నొక కట్టుబాటు చేసికొనుట మాత్రము శక్యమే.

మరియొకటి. కొవ్వు, పంచదార, ఉప్పు మితిమీరిన వస్తువులను బడి యావరణలోను, ద్వారమునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో కేంద్రమున నిబంధనలు చేయబడినవి. మన యూళ్లలో బడి గేటునుండి కొట్టునకు అడుగులు లెక్కించి చూచినవారెవరు? ఈ సంగతి తల్లిదండ్రుల సంఘములో నడుగుటకు మన సభ్యులకు సంపూర్ణమైన హక్కు గలదు. కొట్టువాడును మనవాడే, మజ్జిగయు, నిమ్మనీరును, వేరుసెనగ యుండలును అమ్మిన వానికిని బేరము తప్పదు.

మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలగును. అంతకుముందు జరుగు సర్వసభ్య సమావేశమున పాల విషయము చర్చకు వచ్చునప్పుడు, పిల్లల వంతు పాలను గూర్చిన తీర్మానమును గూడ కార్యక్రమములో జేర్పవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము. ఆనాడు సభ్యులు తమ యిండ్ల స్త్రీలను గూడ వెంటబెట్టుకొని రావలెను. సీసా నింపువారు వారే గదా.