ఐదు చుక్కల్లో నాలుగు కల్పితం

గోదావరి పడమటి గట్టున కొవ్వూరులోనైనా, వంతెన దాటి రాజమహేంద్రవరంలోనైనా పాత పెళ్లి క్యాసెట్ పట్టుకుని స్టూడియో మెట్లెక్కినవారికి వినిపించే హామీ ఒకటే. హెచ్‌డీ చేసేస్తే నిన్న తీసినట్టుంటుందట! నమ్మేవారిని తప్పుపట్టలేం. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకుని థియేటర్లకొచ్చింది. ‘పోకిరి’ 2022 ఆగస్టులో 4కె హంగుతో మళ్లీ ఆడింది. సినిమాకు కుదిరింది పెళ్లి వీడియోకు ఎందుకు కుదరదు?

కుదరదు. ఆ సినిమాలు ఫిల్ము మీద తీసినవి. 35 ఎంఎం నెగెటివ్‌లో హెచ్‌డీకి మించిన వివరం మొదటినుంచీ ఉంది, స్కానర్ దాన్ని బయటికి లాగుతుందంతే. వీడియో టేపు సంగతి వేరు. మన దేశంలో టీవీకి వాడిన పాల్ పద్ధతిలో తెరమీద కనబడేవి 576 గీతలే. అడ్డంగా చూస్తే వీహెచ్ఎస్ టేపు పట్టుకునేది ఇంచుమించు 240 గీతల వివరం. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 720 × 576, అంటే 4,14,720 చుక్కలు. హెచ్‌డీ ఫ్రేముకు కావలసినవి 20,73,600. సరిగ్గా ఐదు రెట్లు! ప్రతి ఐదు చుక్కల్లో నాలుగు సాఫ్ట్‌వేర్ ఊహించి పోసినవే.

ఇప్పుడు ఏఐ వచ్చిందిగా అంటారు. అసలు పేచీ అక్కడే. మామూలు సాగదీత మసకను మసకగానే ఉంచుతుంది. ఏఐ ఆ మసకలో తనకు తోచిన ముఖాన్ని గీస్తుంది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారుచేసిన ‘పల్స్’ ప్రోగ్రాముకు బరాక్ ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసింది. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హత్య కేసు విచారిస్తున్న జడ్జి, ఏఐతో పదునుపెట్టిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా అనుమతించలేదు. కోర్టు నమ్మని ముఖాన్ని ఇంట్లో అమ్మమ్మ ముఖమని చూపించుకోవడం ఏం సబబు?

ఆ క్యాసెట్లలో ఉన్నది పెళ్లివారొక్కరే కాదు. ఊరేగింపు గట్టెక్కిందంటే వెనక హేవలాక్ వంతెన పడి ఉండొచ్చు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు మోసిన వంతెన అది. 1991 గోదావరి పుష్కరాల్లో కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవులో తీసిన టేపులు ఎవరి బీరువాలోనైనా ఉండొచ్చు. మసకో గిసకో, అది కెమెరా నిజంగా చూసింది. నున్నగా చేసే సాఫ్ట్‌వేర్ ముందు మింగేది గర్డర్ల గళ్లనూ, నీటి అలలనూ, చీర జరీనీ.

హడావుడి పని చేసే నష్టం ఇంకోటి. పాత బొమ్మ 4:3, కొత్త టీవీ 16:9. తెర నిండాలని సాగదీస్తే పెళ్లికొడుకు లావెక్కుతాడు. కత్తిరిస్తే బొమ్మ ఎత్తులో పావు వంతు పోతుంది, కాళ్లు కడిగే ఘట్టంలో కాళ్లే మిగలవు. పైగా టేపు వీడియో సెకనుకు 50 సగం బొమ్మలుగా రికార్డవుతుంది, ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. వాటిని కలపడం చేతకాక ఒక సగాన్ని పారేసి, మిగిలినదానికి హెచ్‌డీ అని పేరుపెట్టడమూ ఉంది.

ఈ మోజు కొత్తదేమీ కాదు. వీసీడీలు వచ్చినప్పుడూ కొత్త టెక్నాలజీ అన్నారు. ఆ వీసీడీ బొమ్మ 352 × 288 మాత్రమే. డిస్కు చేతికొచ్చిందని క్యాసెట్ పారేసినవారికి ఇప్పుడు మిగిలింది అదే.

హెచ్‌డీకి ఒక్క సమర్థన ఉంది. యూట్యూబ్‌లో సెకనుకు 50 ఫ్రేముల కదలిక నిలవాలంటే 720 గీతలకు తగ్గకుండా ఎక్కించాలి. అందుకోసం ఒక కాపీని పెంచుకుంటే తప్పులేదు. అది కాపీగానే ఉండాలి. టీవీలో చూడటానికైతే అదీ అక్కర్లేదు, ఏ బొమ్మనైనా తెరకు సరిపడా పెంచే పని టీవీయే చేసుకుంటుంది.

ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. టేపు మీది అయస్కాంత పూతా ఏటేటా పాడవుతోంది. 2027లో మళ్లీ పుష్కరాలు. పాత టేపులున్నవారు ఈలోపే మంచి డెక్‌లో ఆడించి, 4:3లోనే, సగం బొమ్మలను కదపకుండా, ఎక్కువ కుదించని ఫైలుగా ఎక్కించమని అడగండి. హెచ్‌డీ ముచ్చట తర్వాత చూసుకోవచ్చు. ఫైలుతోపాటు క్యాసెట్‌నూ మర్చిపోకుండా ఇంటికి తెచ్చుకోండి.