దీపమార్పని దొంగ

దొంగ యింట జొరబడినచో మొదట దీపమార్పును. తన వత్తి తానే తెచ్చుకొని, పని ముగియువఱకు దీపము కొండెక్కకుండ కాచు దొంగను గూర్చి నేడు ముచ్చటింతుము.

మోతీనగరున నున్న మాకు సముద్రము దూరమే. అయినను లోకమందలి కిరణజన్యసంయోగక్రియలో నించుమించు సగము సముద్రమునందే జరుగుచున్నది. అందు ప్రోక్లోరోకాకస్, సైనెకోకాకస్ అను కంటికానని బాక్టీరియాల పాలు మిక్కిలి గొప్పది. మొక్కలవలె నివియు నెండవలన నాహారము సమకూర్చుకొనును.

ఈ దీపమునకు డీ1 అను ప్రోటీను వత్తివంటిది. వెలుతురు తాకిడికి అది మాటిమాటికి చెడును. కణము క్రొత్తది చేసికొనుచుండవలెను. వైరసు సోకినపిమ్మట కణము తన పనులు క్రమముగా మానును. ఇక వత్తి మార్చువారెవరు? దీపమాఱినచో వైరసు సంతతి పెరుగుటకు వలయు శక్తి తగ్గిపోవును. అందుచేత ననేక వైరసులు డీ1 జన్యువును తామే మోసికొని వచ్చుచున్నవి. 2003లో నీ జన్యువును వైరసునందు కనుగొనిరి. సోకిన కణమందు వైరసు జన్యువే యా ప్రోటీనును చేయించుచున్నదని 2005లో ఋజువయ్యెను. వింత యేమనగా, ఆ జన్యువు పూర్వమెన్నడో బాక్టీరియాలనుండి గ్రహించినదే!

దీని నుపకారమని భ్రమింపకుడు. వైరసు సంతతి సిద్ధమైనంతనే కణము పగిలి నశించును. ఇంట దీపము వెలుగుచున్నదని సంతసించిన చాలదు. ఎవరి పనికై వెలుగుచున్నదో యరయవలెను.