పేరే బొమ్మ అయితే

పాత నాణేలు పోగుచేసే కుర్రవాడొకడు మొన్న నౌపడలో ఒక కంచు బిళ్ళ నా చేతిలో పెట్టి, “ఇదేటండీ మాస్టారూ, పక్షా, పడవా?” అన్నాడు.

పక్షీ కాదు, పడవా కాదు, అక్షరాలు! అది ఒకప్పటి నిజాము రాజ్యపు రెండు పైల బిళ్ళ. దానిమీది మెలికల ముగ్గును ‘తుగ్రా’ అంటారు.

మన కళింగ గాంగులు రాగిశాసనాల ముద్రమీద నందిని పెట్టుకున్నారు. చాళుక్యులు వరాహాన్ని పెట్టుకున్నారు. తురుష్క సుల్తానులకు ఆ జంతువులతో పనిలేకపోయింది. తమ పేరునే బొమ్మ చేసుకున్నారు. నిలువుగా మూడు గీతలు, ఎడమకు రెండు పెద్ద సున్నలు, కుడికి కత్తుల్లా సాగిన రెండు చారలు. అందులోనే సుల్తాను పేరు, తండ్రి పేరు, ‘సదా విజయుడు’ అన్న బిరుదు ఇమిడిపోతాయి. అది గీయడానికి కొలువులో ప్రత్యేకంగా ఒక పెద్ద ఉద్యోగి! చదవలేనివాడు కూడా చూడగానే తలవంచాలి. అదీ కిటుకు.

మొగలాయి ఫర్మానాల తలమీదా తుగ్రా ఉండేది. పక్కన గుండ్రటి ముద్ర. నడుమ పాదుషా పేరు, చుట్టూ తైమూరు దాకా తాతముత్తాతల పేర్లు.

ఇదంతా ఎక్కడి గొడవ అంటారేమో. మన గొడవే. 1765 ఆగస్టు 12న షా ఆలం పాదుషా ఉత్తర సర్కారులను ఒక ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. అందులో మన శ్రీకాకుళం సర్కారూ ఉంది. అప్పుడాయన ఎక్కడున్నాడనుకున్నారు? అలహాబాదులో, ఆ కంపెనీ నీడనే! ఢిల్లీయే ఆయన చేతిలో లేదు. సర్కారులా, నిజాం అలీవి. ఆయన్ని అడిగినవాడు లేడు. ఇక్కడి రైతు మాట చెప్పనే అక్కర్లేదు.

ఫిరంగులున్న కంపెనీకి ఆ కాగితం ఎందుకు? నన్నడిగితే, ఫిరంగి భయపెడుతుందే గాని హక్కు ఇవ్వదు. 1766లో కొండపల్లి కోటను పట్టుకున్నప్పుడు కంపెనీవారు చాటింది ఆ ఫర్మానానే. నిజాం అలీ మండిపడితే, ఆ నవంబరులో ఆయనతో వేరే ఒడంబడిక చేసుకుని, ఏటా పేష్కషు ఇస్తామన్నారు. ఒకే సొత్తుకు రెండు దస్తావేజులన్నమాట!

ఆ తర్వాత కూడా మద్రాసు టంకసాలలో కంపెనీ కొట్టించిన ఆర్కాటు రూపాయిమీద ఉన్నది ఇంగ్లీషు రాజు పేరు కాదు. 1759లోనే చనిపోయిన రెండవ ఆలంగీరు పేరు.