రాగము అదే, మాట వేరు



గత డిసెంబరులో పలమనేరు దగ్గర ఒక గ్రామములో సండేస్కూలు పిల్లలకు క్రిస్మస్ పాట నేర్పుతున్నాము. త్వరగా వస్తుందని, అప్పట్లో ఊరంతా మ్రోగుచున్న ఒక సినిమా పాట రాగమునకు మేమే మాటలు కట్టాము. రెండు చరణములు చక్కగా పాడారు. మూడవ చరణములో ఎనిమిదేండ్ల అబ్బాయి మా మాట మరచి సినిమా మాట అందుకున్నాడు. అది తల్లి ఎదుట పలుకదగిన మాట కాదు. పిల్లలు పక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక వాడు ఏడ్చాడు. వాని తల్లి తలవంచుకొని, "వానికి దాని అర్థము తెలీదు అయ్యగారూ" అన్నది. తప్పు వానిది కాదు. రాగము ఎన్నుకున్నది మేము.

మాట మార్చినంత మాత్రమున పాట మారుతుందా?

లోకము కూడ ఈ పని చేయుచున్నది. పాశ్చాత్య దేశములలో ఒకే పాటను రెండు విధములుగా తయారుచేస్తారు. రేడియోకు ఇచ్చేదానిలో చెడ్డ మాట దగ్గర శబ్దము ఆపుతారు, లేదా వేరొక మాట అతికిస్తారు. అంగడిలో అమ్మేదానిలో అన్నీ ఉంటాయి. 1984లో అమెరికాలో టిప్పర్ గోర్ అనే తల్లి తన పదకొండేండ్ల కుమార్తెకు 'పర్పుల్ రెయిన్' ఆల్బమ్ కొని తెచ్చి, ఇంట్లో ఒక పాట విని నిర్ఘాంతపోయింది. 1985లో ఆమె మరికొందరు స్త్రీలతో కలిసి పోరాడగా, అట్టి ఆల్బములపై తల్లిదండ్రులకు హెచ్చరిక ముద్రించుటకు కంపెనీలు ఒప్పుకొన్నాయి.

మన దేశములో 1993లో 'ఖల్‌నాయక్' సినిమాలోని ఒక పాటను ఆకాశవాణి, దూరదర్శన్ నిలిపివేశాయి. క్యాసెట్లు మాత్రము విపరీతముగా అమ్ముడుపోయాయి. 2017లో 'దువ్వాడ జగన్నాథమ్' సినిమాలోని ప్రేమ పాటలో వేదమంత్రముల పేర్లు వాడారని బ్రాహ్మణ సంఘములు బాధపడగా, సినిమాలో ఆ మాటలు మార్చారు. అయితే సినిమాకు ముందే పాట విడుదలై ఇంటింటికీ చేరింది.

కోసిన మాట ఎక్కడికీ పోదు. శబ్దము ఆగిన చోట, విన్నవాని మనస్సే ఆ మాటను పలుకుతుంది. పైపైన కోసిన గరిక వంటిది అది. వేరు నేలలోనే ఉంటుంది. రేడియో కత్తెర కొంత మేలే, కాని మన పిల్లల చేతిలోని ఫోనుకు ఆ కత్తెర లేదు. తల్లిదండ్రులారా, ఫోను లాక్కొని కొట్టినందువలన వేరు తెగదు. ప్రక్కన కూర్చుని ఆ పాట మీరు కూడ వినండి. "ఈ మాటకు అర్థమేమి నాయనా?" అని అడగండి. తెలియకపోతే, ఆ మాట ఎవరిని కించపరుస్తుందో వాని వయసుకు తగినట్లు చెప్పండి. అర్థము తెలిసిన బిడ్డ తానే మానుకొనగలడు.

ఒకే నోట స్తుతి, శాపము రెండూ రాకూడదని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మొదట మాకే తగిలింది. మరుసటి ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొని, ఆ అబ్బాయిని క్షమించమని అడిగాము. ఆ పాట విడిచిపెట్టి, పాత క్రిస్మస్ కీర్తన ఒకటి నేర్పాము. నేర్చుటకు మూడు వారములు పట్టింది. పండుగనాడు మొదటి చరణము ఎత్తుకున్నది ఆ అబ్బాయే.