రెండు రాత్రులు పడుకుని చూడనివ్వండి!

ఇల్లు కొనేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ, ప్రభుత్వానికీ విన్నపం



సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు పట్టి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అరవై లక్షలు పోసి ఫ్లాటు కొనే మనం మాత్రం ఆదివారం పదకొండింటికి వెళ్ళి, ఇరవై నిమిషాలు గదులన్నీ తిరిగి, ఈశాన్యం ఎటో చూసుకుని, టోకెన్ అడ్వాన్సు చేతిలో పెట్టి వస్తున్నాం.

నేనూ అలాగే కొన్నాను. హైదరాబాద్‌లో పాత ఫ్లాటు, మూడో అంతస్తు. చూడబోయిన రోజు గోడలు కొత్త రంగుతో మెరిసిపోతున్నాయి. మంచం తలవైపు గోడకి అవతలే లిఫ్టు ఉందని చేరిన తొలి రాత్రి తెలిసింది. ఎవరు ఏ వేళకి ఇల్లు చేరినా ముందు నాకే కబురు. ఏప్రిల్‌లో బోరు ఎండింది, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సు మీద పడింది. ఆ కొత్త రంగు ఎందుకు వేయించారో జూలై వానల్లో పడగ్గది గోడ చెమ్మగిల్లాక అర్థమైంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు ఒపీనియన్ అన్నీ సక్రమమే. ఇవేవీ వాటిలో ఉండవు కదా!

చట్టం లేకపోలేదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తెలిసి ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. కట్టడంలో లోపం అయిదేళ్ళలోపు బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలని 2016 నాటి రెరా చట్టం చెబుతుంది. కానీ లిఫ్టు చప్పుడు, పడమటెండ, పక్క ఫంక్షన్ హాలు డీజే ఏ లోపం కిందికి వస్తాయి? తన పాత ఫ్లాటు అమ్ముకునే మనిషికి రెరా వర్తించదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, అంటే అరవై లక్షలకి నాలుగున్నర లక్షలు. తర్వాత మనసు మారితే అవి వెనక్కి రావు.

అందుకే నేను కోరేది ఇది:

1. ఖాళీగా ఉన్న పాత ఫ్లాటైనా, బిల్డరు దగ్గర సిద్ధంగా ఉన్న ఫ్లాటైనా, అగ్రిమెంట్‌కి ముందు రెండు రాత్రులు ఉండి చూడనివ్వాలి. అందులో ఒకటి పనిదినం కావాలి.

2. ఇంకా కడుతున్న ఫ్లాటైతే, అదే బిల్డరు పూర్తిచేసిన మరో భవనంలో అమ్ముడుపోని ఫ్లాటు చూపించాలి.

3. నచ్చకపోతే, రెండు రోజుల అద్దె, కరెంటు ఖర్చు పట్టుకుని మిగతా టోకెన్ వారంలో తిరిగివ్వాలి.

4. రెరా అగ్రిమెంట్ నమూనాలో, కొనేవాడికి ఈ అవకాశం ఇచ్చారా లేదా అని రాసే గడి ప్రభుత్వం చేర్చాలి.

"దిగినవాళ్ళు ఖాళీ చేయకపోతే?" అన్నది అమ్మేవాళ్ళ భయం. న్యాయమైనదే. కాబట్టి కాగితం మీద తేదీలతో సహా "ఉండటానికి అనుమతి" అనే రాయాలి, "స్వాధీనం" అన్న మాటే రాకూడదు. అగ్రిమెంట్‌లో స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే సేల్ డీడుకి పడే స్టాంపు డ్యూటీయే పడుతుంది. ఆధార్ నకలు, డిపాజిట్ తీసుకోండి. అసోసియేషన్‌కి ముందే చెప్పండి.

"గృహప్రవేశం కాకుండా పడుకోవడమేమిటి?" అని మనింట్లో పెద్దలు అంటారు. పొయ్యి వెలిగించొద్దు. చాప, దిండు, క్యారియర్ తీసుకెళ్ళండి. పాలు పొంగించడం ఇల్లు మనదయ్యాకే.

ఆ రెండు రోజులూ ఊరికే నిద్రపోకండి. రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి వేడి చూడండి. తొమ్మిదింటికి మీ కారు సెల్లార్‌లో పెట్టి, మళ్ళీ బయటికి తీయండి. పొద్దున ఏడింటికి రెండు బాత్రూముల్లో కుళాయిలు ఒకేసారి తిప్పండి. ఎండాకాలంలో రోజుకెన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి. పైవాళ్ళు నీళ్ళు వదిలితే మీ గోడలో ఎంత చప్పుడవుతుందో వినండి.

ఈసారి ఫ్లాటు చూడబోతే ధర కంటే ముందు ఒక్క మాట అడగండి: "రెండు రాత్రులు పడుకుని చూడొచ్చా?" సరేనంటే చాప సర్దుకోండి. వద్దంటే కారణం అడగండి. ఆ జవాబుని బట్టే టోకెన్ ఇవ్వాలో మానాలో తేల్చుకోండి.

ఇట్లు,
చూడకుండా కొన్న ఒక ఫ్లాటు యజమాని